మంచి పేరుకు మూలం మాట: కెనడా చరిత్రలో ప్రజాసంబంధాల పాఠాలు

"ప్రజాసంబంధాలు" అనే మాట వినగానే మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు గుర్తొచ్చేది జిల్లా కేంద్రంలోని సమాచార పౌరసంబంధాల శాఖ ఆఫీసు, అందులోని డి.పి.ఆర్.వో. గారు. మంత్రిగారి పర్యటన ఉంటే విలేకరులను జీపెక్కించి తీసుకువెళ్ళడం, మర్నాడు పేపర్లో ఫోటో పడిందో లేదో చూసుకోవడం ఆయన పని అని మనం అనుకునేవాళ్ళం. అంతకు ముందు తరం వారికైతే డప్పు కొట్టి చాటింపు వేసే మనిషే ఊరి పి.ఆర్.వో.!

కెనడా వచ్చి వ్యాపారాలు పెట్టుకున్న మనవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ ఇదే అభిప్రాయం. కిరాణా కొట్టు, రెస్టారెంటు, ట్యూషన్ సెంటరు, ట్రక్కింగ్, ఐ.టి. కన్సల్టింగ్, ఫ్రాంచైజీ దుకాణం... ఏది నడిపేవారైనా "మనకెందుకండీ పబ్లిక్ రిలేషన్సు? అవన్నీ పెద్ద కంపెనీల వ్యవహారం. పండగకి ఒక ఫ్లయరు, ఫంక్షన్ లో ఒక బ్యానరు చాలు" అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి, 2007 వేసవి దాకా. ఆ వేసవిలో నేను చేసిన ఒక పొరపాటు నన్ను ఈ దేశపు వ్యాపార చరిత్ర చదివేలా చేసింది. ముందు అది చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళతాను.

ఒక గృహప్రవేశం భోజనం

అప్పట్లో నాకు చిన్న క్యాటరింగ్ వ్యాపారం ఉండేది. బ్రాంప్టన్ లో ఒక తెలుగు కుటుంబం వారి గృహప్రవేశానికి నూట యాభై మందికి భోజనాల ఆర్డరు వచ్చింది. ఇప్పించింది నాకు అన్నగారి లాంటి ఒక పెద్దమనిషి. "మా తమ్ముడు బాగా చేస్తాడు, నాదీ పూచీ" అని వాళ్ళకు చెప్పారట. ఆ రోజు ఎండ మండిపోయింది. వ్యాను ఆలస్యమయింది. మూతలు తీసేసరికి సాంబారు, పెరుగుపచ్చడి పులిసిపోయాయి. పంతులుగారు, చుట్టాలు చూస్తుండగా ఆ ఇంటాయన పిజ్జాలు తెప్పించుకోవలసి వచ్చింది. దేవుడి దయ వల్ల ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడం లాంటిది జరగలేదు.

తప్పు వంటలో జరిగింది. కానీ అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. ఏం మాట్లాడితే ఏం మెడకు చుట్టుకుంటుందో అని భయం. మూడోరోజు పూర్తి డబ్బుకు చెక్కు రాసి కవర్లో పెట్టి పంపాను. లోపల ఒక్క ముక్క రాయలేదు. నా లెక్క ప్రకారం బాకీ తీరిపోయింది. ఆ శీతాకాలానికి నా ఆర్డర్లు సగానికి పడిపోయాయి. పులిసిన సాంబారు వల్ల పడిపోయాయనే చాలాకాలం అనుకున్నాను.

చలి మాట లేని ప్రకటనలు

ఈ దేశంలో ప్రచారానికి పెద్ద చరిత్రే ఉంది. 1885 నవంబరు 7న బ్రిటిష్ కొలంబియాలోని క్రేగెలాకీ దగ్గర ఆఖరి మేకు కొట్టడంతో కెనడియన్ పసిఫిక్ రైల్వే తూర్పు నుంచి పడమటికి పూర్తయింది. పట్టాలయితే పడ్డాయి గానీ ఎక్కడానికి మనుషులేరి? మధ్యలో వందల మైళ్ళ మైదానం ఖాళీ. రైల్వే కంపెనీ, కెనడా ప్రభుత్వం పోటీ పడి ప్రచారం మొదలుపెట్టాయి. 1896 నుంచి 1905 వరకు అంతరంగిక శాఖ మంత్రిగా ఉన్న క్లిఫర్డ్ సిఫ్టన్ హయాంలో ఇది తారస్థాయికి చేరింది. "ది లాస్ట్ బెస్ట్ వెస్ట్" అంటూ అనేక భాషల్లో కరపత్రాలు అచ్చువేసి అమెరికాకు, బ్రిటనుకు, ఐరోపా దేశాలకు పంపారు. పది డాలర్ల రుసుము కడితే 160 ఎకరాల భూమి. బంగారు గోధుమ చేలు, గుమ్మం ముందు నవ్వే పిల్లలు! ఆ కరపత్రాల్లో మంచు, చలి అనే మాటలు రాకుండా జాగ్రత్త పడేవారని, వాటి బదులు ఆరోగ్యాన్నిచ్చే హుషారైన వాతావరణం అని రాసేవారని చరిత్రకారులు చెబుతారు. మొదటి జనవరి చూశాక ఆ వలసదారులు ఏమనుకున్నారో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు, మనమూ ఒక మొదటి జనవరి చూసినవాళ్ళమే కదా!

ఆ ప్రచారం పనిచేసింది, లక్షల మంది వచ్చారు. కానీ అది ఒకవైపు నుంచే సాగిన మాట. చెప్పేవాడు చెబుతాడు, వినేవాడు వింటాడు, అంతే. దీన్ని ఇంగ్లీషువాళ్ళు పబ్లిసిటీ అన్నారు. పబ్లిక్ రిలేషన్స్ అనే ఆలోచన దానికి భిన్నంగా మొదలయింది. అమెరికాలో బొగ్గుగనుల యజమానుల తరఫున పనిచేసిన ఐవీ లీ అనే మాజీ విలేకరి 1906లో పత్రికలకు ఒక ప్రకటన పంపి, తన పని దాపరికం లేకుండా చేస్తాననీ, అడిగిన వివరాలు ఇస్తాననీ, తానిచ్చేది వార్తే గాని డబ్బిచ్చి వేయించుకునే ప్రకటన కాదనీ చెప్పాడు. ఆయన జీవితమంతా ఆ మాట మీద నిలబడ్డాడా అంటే వివాదాలు ఉన్నాయి. కానీ "జనానికి తెలుసుకునే హక్కు ఉంది" అన్న సంగతి వ్యాపారస్తుల చెవిన పడింది అక్కడే. కెనడాలో ఈ వృత్తివారి సంఘం, కెనడియన్ పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ, 1948లో ఏర్పడింది.

ప్రచారం అంటే మన గురించి మనం చెప్పుకోవడం. ప్రజాసంబంధం అంటే మన వల్ల లాభమో నష్టమో పొందే మనుషులతో మన వ్యవహారం ఎలా ఉందన్నది. ఈ తేడా మామూలు రోజుల్లో కనపడదు. కష్టం వచ్చిన రోజున బయటపడుతుంది.

2008 ఆగస్టు: మేపుల్ లీఫ్ ఫుడ్స్

అలాంటి రోజు మన టొరంటోలోనే వచ్చింది. 2008 వేసవిలో ఒంటారియోలో, ముఖ్యంగా వృద్ధాశ్రమాల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఉన్న పెద్దవాళ్ళు లిస్టీరియా అనే బాక్టీరియా వల్ల జబ్బు పడటం మొదలయింది. ఈ క్రిమికి ఒక చెడ్డ గుణం ఉంది. ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. ఒంట్లో చేరాక లక్షణాలు కనపడటానికి కొందరిలో రెండు నెలల పైన కూడా పడుతుంది. అందుకే ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం. వెతగ్గా వెతగ్గా టొరంటో బార్టర్ రోడ్డులోని మేపుల్ లీఫ్ ఫుడ్స్ వారి మాంసం ఫ్యాక్టరీ దగ్గర తేలింది.

ఆగస్టు 17న రెండు రకాల ఉత్పత్తులు వెనక్కి తీసుకున్నారు. మూడు రోజులకు ఆ జాబితా పెరిగింది, ఫ్యాక్టరీ మూతపడింది. 23న పరీక్షలు సంబంధాన్ని ఖాయం చేశాయి. ఆ రాత్రే కంపెనీ అధిపతి మైకేల్ మెక్కెయిన్ టీవీలోనూ, అప్పటికి కొత్తగా వ్యాపిస్తున్న యూట్యూబ్ లోనూ కనిపించి క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఆ ఫ్యాక్టరీలో తయారైన సుమారు 220 రకాల ఉత్పత్తులన్నిటినీ వెనక్కి పిలిపించాడు. అప్పటి అంచనా ప్రకారం ఈ వెనక్కి తీసుకోవడానికే 2 కోట్ల డాలర్లు.

ఆ రాత్రి నేను టీవీ ముందు కూర్చుని ఉన్నాను. మా పిల్లవాడి లంచ్ బాక్సు కోసం కొన్న టర్కీ ముక్కల ప్యాకెట్టు మీద పేరు చూసి అప్పుడే చెత్తబుట్టలో వేసి వచ్చాను. కోట్లకు అధిపతి, మెక్కెయిన్ ఆలుగడ్డల వేపుళ్ళ కంపెనీని స్థాపించిన అన్నదమ్ముల్లో ఒకరి కొడుకు, టై కూడా లేకుండా నిలబడి, సూటిగా చూస్తూ తప్పు మాదేనని చెబుతున్నాడు. ఇన్స్పెక్టర్ల మీద, ప్రభుత్వం మీద, సరఫరాదారు మీద నెపం వేయలేదు. తర్వాత విలేకరులతో మాట్లాడుతూ, ఈ వ్యవహారంలో తాను ఇద్దరు సలహాదారుల మాట పట్టించుకోలేదని, ఒకరు లాయర్లు, రెండోవారు అకౌంటెంట్లు అని అన్నాడు. నాకు నా కవరు, అందులో ఉత్త చెక్కు గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

అదే సమయంలో అప్పటి వ్యవసాయ మంత్రి గెర్రీ రిట్జ్ ఒక టెలిఫోను సమావేశంలో ఈ మరణాల మీద వేసిన జోకు సెప్టెంబరులో బయటకు పొక్కి, ఆయన క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. లోపలి గదిలో అన్నదే ఒకనాడు బయటి గదిలో వినిపిస్తుంది అనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

బాధితుల సామూహిక దావాను కంపెనీ ఏళ్ళతరబడి లాగకుండా డిసెంబరులోనే 2.7 కోట్ల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పుకుంది. ఆ ఏటి వ్యాపార వార్తల్లో ప్రముఖ వ్యక్తిగా మెక్కెయిన్ ను కెనడియన్ ప్రెస్ ఎంపిక చేసింది. నాటి నుంచి నేటి దాకా బిజినెస్ స్కూళ్ళలో, పి.ఆర్. కోర్సుల్లో ఈ కథను పాఠంగా చెబుతున్నారు.

పాఠంలో తక్కువగా చెప్పే భాగం

కానీ కథను సగంలో ఆపితే అది కూడా ఒక రకం ప్రచారమే అవుతుంది. ప్రభుత్వం నియమించిన స్వతంత్ర పరిశోధకురాలు షీలా వెదరిల్ 2009 జులైలో నివేదిక ఇచ్చారు. అందులో 57 సిఫార్సులు ఉన్నాయి. ఈ జబ్బు వల్ల 22 మంది చనిపోయారని లెక్క తేలింది. మాంసం కోసే పెద్ద యంత్రాల లోపలి భాగాల్లో, మామూలు శుభ్రతకు అందని చోట్ల, క్రిమి నిలవ ఉండిపోవడం కారణం కావచ్చునని తేల్చారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. అంతకు ముందు నెలల్లోనే ఆ ఫ్యాక్టరీలో జరిపిన పరీక్షల్లో లిస్టీరియా మళ్ళీ మళ్ళీ కనపడింది. కనపడినప్పుడల్లా కడిగారు. మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోందని ఆ ఫలితాలన్నీ కలిపి చూడలేదు. ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన అప్పటికి లేదు, వారూ చెప్పలేదు.

అంటే ఎంత గొప్ప క్షమాపణ అయినా చేతులు కాలాక పట్టుకున్న ఆకే. ఆకు అవసరమే, కాదనను. కానీ అసలు ప్రజాసంబంధాల పని ఫ్యాక్టరీ నేల మీద, వంటింటి గచ్చు మీద, మన ఉద్యోగి "సార్, ఇది ఇలా ఉంది" అని నిర్భయంగా చెప్పగలిగిన రోజున మొదలవుతుంది. ఆ తర్వాత కంపెనీ ఆహార భద్రతకే ఒక ప్రధాన అధికారిని నియమించి, పరీక్షల పద్ధతి మార్చింది. క్షమాపణకు విలువ వచ్చింది ఆ మార్పుల వల్లనే.

నాలుగు రోజుల ఆలస్యం, తెలియని భాష

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ క్యూబెక్ లో జరిగింది. 2013 జులై 6 అర్ధరాత్రి దాటాక, ముడిచమురు నింపిన 72 ట్యాంకర్లున్న రైలు డ్రైవరు లేకుండా దొర్లుకుంటూ వచ్చి లాక్-మెగాంటిక్ అనే చిన్న పట్టణం నడిబొడ్డున పట్టాలు తప్పి పేలిపోయింది. 47 మంది బుగ్గయిపోయారు. ఆరు వేల జనాభా ఉన్న ఊరు అది, చనిపోయినవాళ్ళు అందరికీ తెలిసినవాళ్ళే.

ఆ రైల్వే కంపెనీ ఛైర్మన్ ఎడ్వర్డ్ బర్కార్ట్ ఊళ్ళోకి వచ్చింది నాలుగు రోజుల తర్వాత. ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళో ఇంగ్లీషులో మాట్లాడాడు. వీధిలో విలేకరుల ముందు నిలబడి తప్పును రైలు నడిపిన ఉద్యోగి మీదికి తోశాడు. జనం ఆయన మీద కేకలు వేశారు. మర్నెలలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. 2014లో రవాణా భద్రతా బోర్డు ఇచ్చిన నివేదిక ఒక్క మనిషిని చూపించలేదు. 18 కారణాలు చూపించింది, వాటిలో కంపెనీ భద్రతా అలవాట్ల లోపం ఒకటి. నేరపూరిత నిర్లక్ష్యం అభియోగం నుంచి ఆ ఉద్యోగిని, మరో ఇద్దరిని 2018లో జ్యూరీ విడిచిపెట్టింది. విచారణ జరగకముందే ఉద్యోగి పేరు చెప్పి చేతులు దులుపుకునే యజమానికి ఇది గుణపాఠం.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021 నవంబరులో ఎయిర్ కెనడా అధిపతి మైకేల్ రూసో మాంట్రియల్ లో దాదాపు పూర్తిగా ఇంగ్లీషులోనే ప్రసంగించి, పద్నాలుగేళ్ళుగా ఆ నగరంలో ఉంటూ ఫ్రెంచి అవసరం పడలేదన్నట్లు మాట్లాడాడు. గొడవ దేశమంతా పాకి, క్షమాపణ చెప్పి, ఫ్రెంచి నేర్చుకుంటానని మాట ఇవ్వవలసి వచ్చింది. మన పిల్లలకు తెలుగు నేర్పడానికి ఆదివారం బడులు నడుపుకుంటున్న మనకు ఈ బాధ తేలికగా అర్థమవుతుంది. ఎదుటి మనిషి భాషలో నాలుగు ముక్కలు కూడబలుక్కున్నా చాలు, "నువ్వు నాకు ముఖ్యం" అని చెప్పినట్లే.

మన ఇంటి కథ: సత్యం

కెనడా కంపెనీల గురించి ఇంత చెప్పి మన ఇంటి సంగతి దాచిపెడితే బాగుండదు. మేపుల్ లీఫ్ క్షమాపణ చెప్పిన అయిదు నెలలకు, 2009 జనవరి 7న, హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం ప్రపంచమంతా పాకింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు కంపెనీ లెక్కల్లో వేల కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపించామని అందులో ఒప్పుకున్నారు. అప్పటికి కొద్ది నెలల కిందటే ఆ కంపెనీకి మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అదీ తప్పు ఒప్పుకోవడమే కదా, మెక్కెయిన్ చేసిందీ అదే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కాదు. ఒకటి ప్రమాదం తెలిసిన వెంటనే జనాన్ని కాపాడటానికి చెప్పిన మాట. రెండోది ఏళ్ళ తరబడి దాచి, ఇక దాచే దారి లేక చెప్పిన మాట. అవార్డులు, ధర్మకార్యాలు, పత్రికల పొగడ్తలు ఏవీ లోపలి అబద్ధాన్ని కాపాడలేకపోయాయి. 2015లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజు గారిని, మరికొందరిని దోషులుగా తేల్చింది, వారు అప్పీలుకు వెళ్ళారు. ఈ తప్పులో పాలు లేని వేలమంది ఇంజనీర్లు, వారిలో ఎంతోమంది మన బంధువులు, స్నేహితులు, తమ సీట్లలో కూర్చుని పని ఆపకుండా చేసుకుపోవడం, ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు పగ్గాలు పట్టుకోవడం వల్ల కంపెనీ బతికి, 2009 ఏప్రిల్ లో టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. పేరు పోగొట్టేది పైవాళ్ళయినా నిలబెట్టేది ఉద్యోగులే అని నాకు అప్పుడు తెలిసింది.

శాండ్విచ్ దుకాణందారు అడిగిన ప్రశ్న

మళ్ళీ మేపుల్ లీఫ్ దగ్గరికి వస్తాను. ఈ కథకు పన్నెండేళ్ళ తర్వాత ఒక ముగింపు ఉంది. పాఠ్యపుస్తకాల్లో అది ఎక్కువగా కనపడదు. మన ఫ్రాంచైజీ సోదరులు మాత్రం తప్పకుండా చదవాలి.

మిస్టర్ సబ్ అనే శాండ్విచ్ దుకాణాల గొలుసు ఉంది. వాటిని నడిపేవారు మనలాంటి చిన్న యజమానులు. ఫ్రాంచైజీ ఒప్పందం ప్రకారం కొన్ని రకాల మాంసం మేపుల్ లీఫ్ దే వాడాలి, వేరే చోట కొనకూడదు. 2008 ఆగస్టులో ఆ మాంసం ఆగిపోయింది. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు వారికి సరఫరా లేదు. పైగా ఆ కంపెనీ మాంసం అమ్మే కొట్టు అన్న పేరు అంటుకుంది. కొట్టుకు అద్దె కట్టాలి, పిల్లలకు ఫీజు కట్టాలి, గిరాకీ లేదు. నాలుగు వందల పైచిలుకు దుకాణాల తరఫున వారు దావా వేశారు. వారికీ మేపుల్ లీఫ్ కూ మధ్య నేరుగా ఒప్పందం లేదు, ఉన్నదల్లా పైనున్న ఫ్రాంచైజీ కంపెనీ ద్వారానే.

2020 నవంబరు 6న కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు. ఒక్క ఓటు తేడాతో దుకాణదారులు ఓడిపోయారు. ఇలాంటి కేవల ఆర్థిక నష్టానికి తయారీదారు వారికి బాధ్యుడు కాడనీ, వారు తమ ఒప్పందంలోనే రక్షణ సంపాదించుకొని ఉండవచ్చుననీ మెజారిటీ అభిప్రాయం.

చట్టం ఏదయినా, ఆ తీర్పు వార్త చదివిన రోజున నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తిన్నవాళ్ళకు క్షమాపణ చెప్పారు, బాధితులకు పరిహారం ఇచ్చారు. దేశం మెచ్చుకుంది. కానీ ఆ కంపెనీ మీద ఆధారపడి, ఆ పేరును తమ కౌంటరు మీద మోసిన చిన్నవాడు ఆ చిత్రంలో ఎక్కడ? నష్టం ఎవరికి తగిలిందో లెక్క వేసినప్పుడు ఎదురుగా కనపడేవాడినే చూస్తాం. పక్కన నిలబడి మన కోసం పూచీ ఉన్నవాడిని మర్చిపోతాం.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, బ్రాంప్టన్ ఆర్డరు ఇప్పించిన ఆ అన్నయ్య. పదమూడేళ్ళ కింద నేను చెక్కు పంపింది ఇంటాయనకు. "నాదీ పూచీ" అన్న మనిషికి ఏమీ పంపలేదు. ఆయన ఆ ఇంట్లో ఎంత తల దించుకున్నారో ఆలోచించనే లేదు. నా ఆర్డర్లు పడిపోయింది పులిసిన సాంబారు వల్ల కాదు, నా గురించి మంచి మాట చెప్పే నోరు మూగబోవడం వల్ల.

ఆ సాయంత్రమే ఫోను చేశాను. "అన్నయ్యా, 2007 గృహప్రవేశం సంగతి..." అని మొదలుపెట్టగానే ఆయన నవ్వారు. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా తమ్ముడూ? డబ్బుదేముంది, అది ఆ రోజే మర్చిపోయాం. నువ్వు ఒక్క ఫోను చేసి ఉంటే, తప్పయిందట అని వాళ్ళకు నేనే సర్ది చెప్పేవాణ్ణి కదా. ఏం చెప్పాలో తెలియక నేను కూడా వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను" అన్నారు. పదమూడేళ్ళు! నేను మాట్లాడకపోవడం వల్ల రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఆ లెక్కకు చెక్కు ఎలా రాయను?

మన వ్యాపారాలకు పనికొచ్చేవి

ఈ చరిత్ర నుంచి నేను ఏరుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. నచ్చినవి తీసుకోండి.

1. మీ మనుషుల జాబితా రాసుకోండి. ఖాతాదారులు, ఉద్యోగులు, వారి కుటుంబాలు, సరుకు ఇచ్చేవారు, ఇంటి ఓనరు, బ్యాంకు, ఇరుగుపొరుగు, మిమ్మల్ని సిఫార్సు చేసేవారు. ఏదైనా జరిగితే ఎవరికి ఏం తగులుతుందో పేరు పేరునా ఆలోచించండి. జాబితాలో చివర ఉన్నవారే మనం మర్చిపోయేవారు.

2. మొదటి మాట మీదే కావాలి. అన్నీ తెలిసే దాకా ఆగితే వేరేవాళ్ళు చెప్పేస్తారు. తెలిసింది ఇది, ఇంకా తెలియనిది ఇది, మళ్ళీ ఫలానా వేళకు చెబుతాం: ఈ మూడు ముక్కలు చాలు. ఊహించి చెప్పకండి, ఎవరి మీదా నెపం వేయకండి.

3. ఉద్యోగులకు ముందు చెప్పండి. కౌంటరు దగ్గర అమ్మాయి టీవీ చూసి తెలుసుకోకూడదు. బయటకు మాట్లాడేది ఒక్కరే ఉండాలి, కానీ సంగతి అందరికీ తెలియాలి.

4. క్షమాపణకు భయపడకండి. "సారీ అంటే కోర్టులో పట్టుకుంటారు" అన్న భయం మనలో చాలామందికి ఉంది. 2006లో బ్రిటిష్ కొలంబియా, 2009లో ఒంటారియో దీనికోసమే క్షమాపణ చట్టాలు చేశాయి. ఒంటారియో చట్టం ప్రకారం క్షమాపణను సివిల్ దావాలో తప్పు ఒప్పుకోలుగా వాడటానికి వీల్లేదు, దాని వల్ల ఇన్సూరెన్సు రక్షణ కూడా పోదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి కాబట్టి పెద్ద విషయమైతే లాయరును అడగండి. కానీ లాయరు ఏం మాట్లాడాలో చెప్పాలి, మాట్లాడాలో వద్దో నిర్ణయించుకోవలసింది మీరు.

5. ఫోన్ నంబర్లు కాగితం మీద ఉంచండి. 2022 జులై 8న రోజర్స్ నెట్వర్కు పడిపోయినప్పుడు కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఖాతాదారుల ఫోన్లు, ఇంటర్నెట్ మూగబోయాయి. ఇంటరాక్ ఆగిపోయి దుకాణాల్లో డెబిట్ కార్డులు పనిచేయలేదు. ఆ కంపెనీ సిబ్బందికే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కష్టమయింది, వారి ఫోన్లూ అదే నెట్వర్కు కదా! ఇంట్లో ఇద్దరివి వేర్వేరు కంపెనీల ఫోన్లు ఉండటం మంచిది.

6. అడగకుండా ఈమెయిళ్ళు పంపకండి. 2014 జులై 1 నుంచి అమల్లో ఉన్న స్పామ్ వ్యతిరేక చట్టం ప్రకారం వ్యాపార సందేశానికి అవతలివారి అనుమతి ఉండాలి, మీ పేరు, చిరునామా ఉండాలి, వద్దనుకుంటే మానిపించుకునే దారి ఉండాలి. వ్యాపార సంస్థలకు జరిమానా కోటి డాలర్ల దాకా వేయవచ్చు. మన సంఘం డైరెక్టరీలో దొరికిన చిరునామాలన్నిటికీ పండగ డిస్కౌంటు పంపే ముందు ఇది గుర్తుంచుకోండి.

7. ఒప్పందం చదవండి. పేరు వేరేవాళ్ళది, కౌంటరు మనది అయినప్పుడు, పైవాడి తప్పుకు మన కొట్టు మూతపడితే ఎవరు ఆదుకుంటారు? మిస్టర్ సబ్ వారి తీర్పు తర్వాత సంతకం పెట్టే ముందే అడగవలసిన ప్రశ్న ఇది. వ్యాపార నష్టానికి ఇన్సూరెన్సు ఎంతవరకు వస్తుందో కూడా అప్పుడే కనుక్కోండి.

చివరగా

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. నోరు మంచిదంటే తియ్యగా మాట్లాడటం ఒక్కటే కాదని, మాట్లాడవలసిన రోజున మూసుకోకపోవడం కూడా అని నాకు కెనడా నేర్పింది. 22 మంది ప్రాణాలు పోయిన కథను, 47 మంది బుగ్గయిన కథను వ్యాపార చిట్కాల కోసం వాడుకుంటున్నానన్న సంకోచం నాకు ఉంది. వారిని తలుచుకోవడం అంటే వారి తర్వాత మనం కాస్త జాగ్రత్తగా ఉండటమే అనుకుంటాను.

మన సమావేశాలకు వచ్చినప్పుడు వ్యాపార వేదిక దగ్గర కార్డులు ఇచ్చిపుచ్చుకుంటాం. ఈసారి ఒక్క పని చేయండి. మీ గురించి ఎప్పుడో ఎవరికో మంచి మాట చెప్పి, మీ వల్ల మాట పడ్డవారు ఎవరైనా ఈ హాల్లో ఉన్నారేమో చూడండి. భోజనాల దగ్గర వారి పక్కన కూర్చోండి. ఆ ఒక్క మాట చెప్పేయండి. నాలాగా పదమూడేళ్ళు ఆగకండి.